పొర పట్టని కుళాయిలు

3వ తేదీ, సోమవారం

తేదీ వేశావా? వేస్తే ఇక నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మధ్యలో నీ తెలివి కలపకు.

ఈ పుస్తకం నాకోసం. ఎవరికీ చూపించేది కాదు. పదిహేనో తేదీ శనివారం మా మరిది కొడుకు నన్ను తన గదిలోకి పిలిచి, కొక్కేల బల్ల దగ్గర నుంచి నన్ను లేపాలా వద్దా అన్నది తేలుస్తాడట. అంతవరకు నా వాదన చెదిరిపోకుండా ఒకచోట ఉండాలి. నాకు అక్షరం రాదు. వచ్చినవాళ్ళు ఏం ఉద్ధరిస్తున్నారో రోజూ చూస్తూనే ఉన్నాను కాబట్టి ఆ బాధ లేదు. కానీ ఈ వయసులో కోపం ముందు వస్తోంది, మాట వెనక వస్తోంది. అందుకని చెప్పి రాయించుకుంటాను. మర్నాడు చదివించుకుని వింటాను.

రాస్తున్నది నా తోడికోడలు. అంటే, తీర్పు చెప్పబోయేవాడి కన్నతల్లి. ఇంతకంటే మంచి మనిషి దొరకలేదా అంటే, దొరకలేదు. వాడి పెళ్ళాంతో రాయిస్తే సిరా ఆరేలోపు నా మాట వాడి చెవిన పడుతుంది. ఫోనులో మాట్లాడితే అదే రాసుకుంటుందన్నారు. మాట్లాడి చూశాను. తిట్టిన చోటల్లా చుక్కలు పెట్టిందట. ఆ చోట్లు తీసేస్తే నా వాదనలో ఏం మిగులుతుంది? ఇక ఈ ఇంట్లో అక్షరం వచ్చి, నోరు మెదపకుండా కూర్చునే మనిషి ఇదొక్కతే. మేమిద్దరం అవసరానికి మించి మాట్లాడుకుని ఏళ్ళయింది. మధ్యలో అడ్డు తగలదు.

నీ గురించే అయినా రాయి. ఆగకు.

విషయం ఇది. మా కార్ఖానాలో కుళాయిలకూ, తలుపు పిడులకూ, వాచీ చట్రాలకూ రంగు పూత వేస్తాం. కుంచెతో వేసే పూత కాదు. మనిషి నిలబడేంత ఉక్కు గుండిగ ఒకటి ఉంది. వాళ్ళు దాన్ని ఛాంబర్ అంటారు, ఇంటికొచ్చిన వియ్యంకుడి పేరు పలికినట్టు, ఎంతో మర్యాదగా. అందులో కుళాయిలు వేలాడదీసి, తలుపు బిగించి, గాలంతా లాగేస్తారు. లోపల ఒక లోహపు పలకను కరెంటుతో ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి కుళాయిల మీద మంచులా దిగి పొర కడుతుంది. ఒక రకం గ్యాసు వదిలితే బంగారు రంగు, ఇంకో రకం వదిలితే నలుపు. ఆ పొర వెంట్రుకలో ఎన్నో వంతు మందమట. కత్తితో గీకినా గీత పడదు. అయితే అడుగున జిడ్డు ఉండకూడదు. ఒక్క వేలు తగిలినా చాలు, ఆ చోట పొర పట్టదు. పట్టినట్టు నటించి, నెలో రెండు నెలలో గడిచాక పొలుసులా లేస్తుంది. అది బంగారం కూడా కాదు, బంగారం వేషం. వేషానికి అంత పట్టింపు.

కడిగి ఆరబెట్టిన కుళాయిలను కొక్కేలకు తగిలించి, ఆ కొక్కేల స్తంభాన్ని గుండిగ వైపు తోయడం నా పని. లోపలికి వెళ్ళే ముందు వాటికి చివరిగా తగిలేది నా చెయ్యి. గుండిగ రాకముందు, మా ఆయనా మరిదీ కలిసి యాసిడ్ తొట్లతో పని మొదలుపెట్టిన నాటి నుంచీ ఆ చివరి చెయ్యి నాదే. వాళ్ళిద్దరూ పోయారు. తొట్లూ పోయాయి. నేను ఉన్నాను.

ఇప్పుడు ఒక పెద్ద హోటలు కుళాయిలు లేచిపోయాయి. చేతులు కడుక్కోవడానికి బంగారు కుళాయి కావాల్సి వచ్చినవాడి చేతులు ఎంత మురికిగా ఉంటాయో నేను చెప్పను. తిప్పేచోట బంగారు రంగు ఊడి తెల్లటి మచ్చలు పడ్డాయి. మచ్చలు వేళ్ళ ఆకారంలో ఉన్నాయి. మా వాడు ఒక కుళాయి తెచ్చి నా ముందు పెట్టాడు.

"పెద్దమ్మా, ఇవి మీ వేళ్ళే."

"నా వేళ్ళు ఇంత లావా? ఆ హోటలు వాడివేమో చూడు."

"పూత కింద ఉన్న మచ్చ పెద్దమ్మా, పైన పడింది కాదు."

"కింద ఏముందో పైనుంచి చూసి చెప్పే చదువు ఎప్పుడు చదివావురా?"

వాడు కుళాయి తీసుకుని వెనక్కి తిరిగాడు. పారిపోయాడు అని రాయి.

పక్కన ఇంజనీరు నిలబడి తల ఊపాడు. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక మీటరు పట్టుకుని తిరుగుతాడు కాబట్టి అందరూ అతన్ని మీటరు అంటారు. కొంచెం నిదానస్తుడు.

4వ తేదీ, మంగళవారం

నిన్నటిది చదివించుకున్నాను. 'కొంచెం నిదానస్తుడు' అట! నేను అన్నది దున్నపోతు అని. చదవడం రాకపోతే వినడం కూడా రాదనుకుంది కాబోలు.

"అక్కా, ఇంజనీరు గారు కదా, రేపు ఎవరైనా చూస్తే..."

"ఎవరూ చూడరు. చూస్తే వాడికి తన సంగతి తెలుస్తుంది. దున్నపోతు అని రాయి."

రాశానంది. ఎక్కడ రాశావు, వేలు పెట్టి చూపించు అన్నాను. చూపించింది. నాకు అన్నీ ఒకేలా కనిపించాయి, వరుసగా నిలబడ్డ చీమలు. దీని చేతిరాత ముత్యాల్లా ఉంటుందని మా మరిది ఊరంతా చెప్పుకునేవాడు. ఆ ముత్యాల కోసమే కార్ఖానాలోకి అడుగుపెట్టిన రోజే దీన్ని ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టారు. నేను మోచేతుల దాకా తొట్లో ఉండి, ఆ ఫ్యాను గాలికి దీని జుట్టు ఎగరడం చూశాను. ఒక్కనాడైనా తలెత్తి నా వైపు చూసిందా? లేదు. లెక్కలు రాసుకుంటోంది!

ఏం, అలా కాదా? కాదంటే రాయి, 'కాదు' అని.

రాయలేదు. చూశారా?

5వ తేదీ, బుధవారం

మీటరు నీళ్ళను పరీక్షించాడు. నీళ్ళు నిర్దోషి. గ్యాసును పరీక్షించాడు. గ్యాసు నిర్దోషి. గాలి లాగే పంపు మీద చెవి ఆనించి విన్నాడు. పంపు కూడా నిర్దోషే. ఇక నేను మిగిలాను. నా మీద పెట్టడానికి అతని దగ్గర మీటరు లేదు.

7వ తేదీ, శుక్రవారం

మా వాడి పెళ్ళాం కార్ఖానా ఆఫీసు చూసుకుంటుంది. ఇవాళ నా బల్ల దగ్గరికి వచ్చి చాలా ప్రేమ ఒలకబోసింది.

"పెద్దత్తయ్యా, ఇంకా ఎందుకీ కష్టం? ఇంట్లో హాయిగా కూర్చోకూడదూ?"

"ఎవరితో కూర్చోను?"

"అత్తయ్య ఉన్నారు కదా."

"మీ అత్తయ్య ముఖం చూస్తూ కూర్చుంటే పొరలు లేచేది కుళాయిలకు కాదు, నాకు."

నవ్వింది. అత్తగారి మీద నవ్విన ఆ నవ్వు నాకు అంత బాగా నచ్చలేదు. అయినా అన్నది నేనే కాబట్టి ఊరుకున్నాను.

ఇక నా వాదనలో అసలు ముక్క. దీన్ని పెద్ద అక్షరాలతో రాయి. గ్లౌజులు లేకుండా నేను ఏ కుళాయినీ ముట్టలేదు. నూలు గ్లౌజులు, తెల్లవి. సాయంత్రం ఇంటికి తెచ్చి వెనక వరండాలో బకెట్లో పడేస్తాను. మర్నాటికి తీగ మీద ఆరి ఉంటాయి. బట్టలుతికే యంత్రం ఉంది, అదే ఉతుకుతుంది. రోజూ ఉతికిన గ్లౌజులతో పనిచేసే మనిషి చేతికి జిడ్డు ఎక్కడిది?

చేతుల సంగతి కూడా రాయి. యాసిడ్ తొట్ల నాటి నుంచి నా చేతులు పగుళ్ళే. చలి మొదలైతే చాలు, వేళ్ళ మడతల్లో చీలి రక్తం వచ్చేది. ఈసారి ఒకటి రెండు రోజులు వచ్చి ఆగిపోయింది. మనిషి గట్టిదైతే చర్మం కూడా గట్టిపడుతుంది. గ్లౌజులు కూడా ఈమధ్య పాల మీగడలా ఉంటున్నాయి. అవి అమ్మేవాడిని నేను నిలదీసిన తీరుకి భయపడి మంచి సరుకు పంపుతున్నాడు. భయం పెట్టడం తెలియాలి, అంతే.

ఈ మాట దగ్గర ఇది రాయడం ఆపింది.

"ఏమైంది?"

"ఏం లేదక్కా. పెన్ను రాయడం లేదు. ఇంకోటి తెస్తాను."

లేచి వెళ్ళింది, వెనక వరండాలో నుంచి తిరిగి వచ్చింది. పెన్నులు ఎప్పటి నుంచి వరండాలో ఆరేస్తున్నారు?

8వ తేదీ, శనివారం

గ్లౌజులు గోనెసంచిలా ఉన్నాయి. అమ్మేవాడికి మళ్ళీ పొగరెక్కింది.

10వ తేదీ, సోమవారం

కుడిచేతి బొటనవేలు దగ్గర చీలింది. నూలు మీద ఎర్రగా కనిపించింది. ఎవరికీ చూపించలేదు.

మా వాడు వచ్చి, "పెద్దమ్మా, శనివారం లోపు ఒక ట్రయల్ చేద్దాం. ఒక స్తంభం మొత్తం మీరొక్కరే తగిలించండి. ఎలా వస్తుందో చూద్దాం" అన్నాడు. పరీక్ష! నా చంకనెక్కి తిరిగినవాడు నాకు పరీక్ష పెడుతున్నాడు. తగిలిస్తానన్నాను.

"పైన రబ్బరువి వేసుకుంటున్నారు కదా?" అన్నాడు.

నూలు గ్లౌజుల మీద పల్చటి రబ్బరువి ఇంకో జత వేసుకోవాలని అక్కడో నియమం ఉంది. రబ్బరు వేసుకుంటే కొక్కెం చేతికి తెలియదు. లోపల చెమట పట్టి పగుళ్ళు మండుతాయి. నా చేతులకు లేని తెలివి రబ్బరుకు ఉందా? వాడికి మాత్రం, "వెళ్ళి నీ పని చూసుకో" అని చెప్పాను. అబద్ధం చెప్పలేదు. వాడు వెళ్ళి పని చూసుకున్నాడు.

ఈ రబ్బరు సంగతి వాదనలో అక్కర్లేదు. రాశావా? కొట్టెయ్. కొట్టేశావా? సరే.

11వ తేదీ, మంగళవారం

గెలిచాను.

గుండిగ తలుపు తీసేసరికి నా కుళాయిలన్నీ పెళ్ళికొడుకుల్లా వేలాడుతున్నాయి. మీటరు వాటి మీద టేపు అంటించి చర్రున లాగాడు. మరిగే నీళ్ళలో ముంచి చల్లనీళ్ళలో వేశాడు. మళ్ళీ టేపు. ఒక్క పొలుసు కూడా రాలేదు. దున్నపోతు ముఖంలో సంతోషం లేదు. తప్పు దొరకనందుకు బాధపడే జాతి.

"బాగా వచ్చాయమ్మా," అన్నాడు. "అంటే ఇంతకుముందు ఏదో జిడ్డు ఉంది, ఇప్పుడు లేదు. మధ్యలో ఏం మారింది?"

"ఏమీ మారలేదు. అదే చెయ్యి."

"ఏదో మారి ఉంటుంది."

ఇంటికి వస్తూ దారంతా ఆలోచించాను. ఏం మారింది? అదే బల్ల, అవే కొక్కేలు. అవే గ్లౌజులు.

అవే కావు.

ఎందుకాగావు? రాయి.

12వ తేదీ, బుధవారం

ఇవాళ దీనితో జరిగిన మాటలు దీని చేతే రాయిస్తున్నాను. "ఇది కూడా రాయాలా అక్కా?" అంది. ఇదే రాయాలి అన్నాను.

"గ్లౌజులకు ఏం చేశావు?"

"ఉతికాను."

"ఉతికేది యంత్రం కదా?"

"యంత్రంలో వేయడానికీ తీయడానికీ ఒక మనిషి ఉండాలి కదక్కా."

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ. మీ బట్టలు కూడా."

ఇన్నేళ్ళుగా నా బట్టలు దీని చేతుల మీదుగా వస్తున్నాయని నాకు ఎవరూ చెప్పలేదు. అడిగి ఉంటే చెప్పేవారేమో. యంత్రాన్ని అడుగుతామా?

"ఉతికితే అంత మెత్తగా ఎందుకుంటాయి? నిజం చెప్పు."

లేచింది. వంటింటి అలమరలో పప్పు డబ్బాల వెనక నుంచి ఒక తెల్ల డబ్బా తీసి నా ముందు పెట్టింది. చేతులకు పూసుకునే క్రీము. సగం అయిపోయింది.

"చలి మొదలయ్యాక మీరు కంచం పట్టుకుంటే అంచుకి రక్తం అంటింది. చేతికిస్తే విసిరేస్తారు. ఆమధ్య దువ్వెన కొనిస్తే కిటికీలోంచి పారేశారు."

"పళ్ళు సరిగ్గా లేవు ఆ దువ్వెనకి."

"అందుకని గ్లౌజులు ఆరాక తిరగేసి, లోపల వేలు వేలుకీ పట్టించి, మళ్ళీ మామూలుగా తిప్పి తీగ మీద పెట్టేదాన్ని. పైన రబ్బరువి వేసుకుంటారు కదా, కుళాయిలకు ఏం కాదులే అనుకున్నాను. మొన్న మీరు చెబుతుంటే అనుమానం వచ్చింది. వెంటనే వేణ్ణీళ్ళలో మూడుసార్లు సబ్బు పెట్టి ఉతికాను. అప్పటి నుంచి పూయలేదు."

పైన రబ్బరువి వేసుకుంటారు కదా అన్న మాటకి నేను బదులు చెప్పలేదు. ఈ వాక్యం రాయకు.

నూలులోంచి క్రీము ఊరి కుళాయికి అంటింది. గుండిగ దాని మీద బంగారం పూసింది. అది లేచిపోయింది. ఇంత చిన్న విషయం తెలుసుకోవడానికి అన్ని మీటర్లు పెట్టారు.

"నాకు చెప్పకుండా నా చేతుల జోలికి ఎందుకొచ్చావు?"

"చెబితే రానిస్తారా?"

రానివ్వను. అది నిజం. నిజం చెప్పి నన్ను మాట్లాడకుండా చేయడం దీనికి కొత్త కాదు.

13వ తేదీ, గురువారం

ఇక నా కేసు గెలిచినట్టే. ఎల్లుండి వాడి గదిలో ఏం చెప్పాలో వరుసగా రాయి.

ఒకటి. నా చేతిలో లోపం లేదు. రెండు. నా గ్లౌజుల్లో క్రీము పూసింది ఇంకొకరు. మూడు. ఆ ఇంకొకరు ఎవరంటే, కార్ఖానా యజమానిని కన్న మహాతల్లి.

రాశావా? చదువు. 'మహాతల్లి' అని గట్టిగా చదువు.

చదివింది. ఒక్క అక్షరం మింగలేదు. ఈ రోజు కోసం ఎంతకాలం నుంచి ఎదురుచూశానో నాకే తెలియదు. ఫ్యాను కింద కూర్చున్న మనిషి, తప్పే చేయని మనిషి, అందరూ 'పాపం ఎంత మంచిదో' అనే మనిషి, కొడుకు ముందు నిలబడాలి. హోటలు వాడు ఇక పని ఇవ్వనంటున్నాడు. అది నీవల్లే అని కొడుకు నోటితో వినాలి.

"నీకేమీ అనిపించడం లేదా?"

"చెప్పండక్కా. ఉన్నదే కదా. మీ బల్ల మీకుంటుంది."

"కొడుకు ముందు తల ఎక్కడ పెట్టుకుంటావు?"

"ఉన్నచోటే ఉంటుంది."

ఇదీ దీని పద్ధతి. అరవదు, ఏడవదు, ఎదురు చెప్పదు. ఇలా మెత్తగా ఉండి ఉండి నన్ను ఊరందరి ముందు గయ్యాళిని చేసింది ఇదే. ఇద్దరం చెరి సగం అరిచి ఉంటే నాకింత పేరు వచ్చేది కాదు.

14వ తేదీ, శుక్రవారం

నిన్నటిది రెండుసార్లు చదివించుకున్నాను. బాగానే ఉంది. రాయడానికి ఇంకేమీ లేదు.

రెండో చెయ్యి కూడా చీలింది.

15వ తేదీ, శనివారం

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చో. ఇది పొడుగ్గా ఉంటుంది.

గదిలో ముగ్గురున్నారు. మా వాడు, వాడి పెళ్ళాం, మీటరు. బల్ల మీద ఊడిపోయిన కుళాయి ఒకటి, పక్కన పాత గ్లౌజు జత ఒకటి. నా సొరుగులో మర్చిపోయిన జత అట. మీటరు దాన్ని తీసుకెళ్ళి పరీక్ష చేయించాడు. అంటే నేను చెప్పాల్సింది సగం వాళ్ళే చెప్పేశారు. నాకు ఒళ్ళు మండింది. అంతా వరుసగా పెట్టుకుని వెళ్ళాను కదా.

"పెద్దమ్మా, ఇందులో క్రీము ఉంది," అన్నాడు మా వాడు. "ఇది ఎలా వచ్చింది?"

చెప్పడానికి నోరు తెరిచాను. నీ పేరు నాలుక మీద ఉంది. 'మహాతల్లి' కూడా ఉంది.

ఇంతలో వాడి పెళ్ళాం నవ్వింది.

"ఎలా రావడమేంటి? మన వంటింటి అలమరలో డబ్బా ఉంది, నేను చూశాను. ఇంత తెలివితక్కువ పని మీ అమ్మ తప్ప ఎవరు చేస్తారు? ఆవిడకి ఇల్లూ తెలియదు, కార్ఖానా తెలియదు. ఎందుకూ కొరగాని మనిషి."

ఆ మాటలన్నీ నావే. ఇంతకంటే పెద్దవి అన్నాను. నీ ముఖం మీదే అన్నాను. రాయించాను కూడా. కానీ ఆ నోట్లోంచి వస్తే అవి నాకు ఎంగిలి కంచంలా కనిపించాయి. నేను మా వాడి వైపు చూశాను. ఇప్పుడు ఏదో ఒకటి అంటాడు అనుకున్నాను. 'మా అమ్మని అలా అనకు' అనొచ్చు. 'ఊరుకో' అని ఒక్క మాటైనా అనొచ్చు. వాడు కుళాయిని చేతిలోకి తీసుకుని, అందులో తన ముఖం చూసుకుంటున్నాడు.

మీటరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ గదిలో కొంచెం సిగ్గున్నది ఆ దున్నపోతుకే.

"డబ్బా నాది," అన్నాను.

"పెద్దత్తయ్యా, మీరెందుకు..."

"నువ్వు ఆగు. డబ్బా నాది. చేతులు పగిలి నేనే పూసుకున్నాను. గ్లౌజుల్లో కూడా నేనే పూశాను. పైన రబ్బరువి వేసుకోలేదు, ఒక్కరోజు కూడా వేసుకోలేదు. ఏం చేస్తారో చేసుకోండి."

చివరి ముక్క నిజమే కాబట్టి మొత్తం నిజంలాగే వినిపించింది. సగం నిజానికి అంత బలం ఉంటుందని నాకు తెలియదు.

తర్వాత మా వాడితో అన్నాను. "ఇంకో మాట. నీ తల్లి ఎందుకూ కొరగానిదే. నాకు తెలుసు. కానీ ఆ మాట అనాల్సింది నేను. దాన్ని తిట్టే హక్కు నాది, దానికోసం నా వయసంతా పెట్టాను. నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళకి దాన్ని నేను రాసివ్వలేదు. ఇక నువ్వు, విని కుళాయిలో ముఖం చూసుకుంటావా? ఏం కనిపించింది రా అందులో?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడూ అంతే, తప్పు చేస్తే ముందు చెవులు చెప్పేవి. పెళ్ళాం వైపు చూసి, "నువ్వు బయటికి వెళ్ళు కాసేపు," అన్నాడు. ఆమె వెళ్ళింది. తలుపు మాత్రం గట్టిగా వేసి వెళ్ళింది.

మీటరు కూడా వెనకే జారుకున్నాడు. అప్పుడు మా వాడు మెల్లగా అన్నాడు.

"కొక్కేల బల్ల ఇక కుదరదు పెద్దమ్మా. ఆ చేతులకి క్రీము కావాలి. క్రీము ఉంటే ఆ బల్ల కుదరదు. హోటలు వాడికి నేను ఏదో ఒకటి చెప్పుకోవాలి."

"తీసేశానని చెప్పు."

"తీసేయడం లేదు. గుండిగకి అటువైపు రండి. బయటికొచ్చినవి చూసే బల్ల ఉంది. పూత పడ్డాక ఏ చెయ్యి తగిలినా ఏమీ కాదు."

వాడు కూడా గుండిగ అన్నాడు. ఛాంబర్ అనలేదు. దానికి నేను కరిగిపోయానని ఎవరూ అనుకోనక్కర్లేదు.

"చూసే పని చేతులు లేనివాళ్ళు చేస్తారు," అని చెప్పి వచ్చేశాను.

ఏమిటి, రాయడం ఆపి నా వైపు చూస్తున్నావు? నీమీద జాలిపడి చేశాననుకుంటున్నావా? అలాంటిదేమీ లేదు. వాళ్ళ ముందు నీ పేరు చెబితే, ఇక నిన్ను అనడానికి నాకు కొత్తగా ఏం మిగులుతుంది?

రాయి. బల్ల పోయింది. వాడు తీసేయలేదు, నేనే వదిలేశాను. అలా రాయి.

16వ తేదీ, ఆదివారం

ఏమీ లేదు.

17వ తేదీ, సోమవారం

వెళ్ళాను. ఇంట్లో కూర్చుంటే నీ ముఖం చూడాలి కాబట్టి వెళ్ళాను.

చూసే బల్ల మీద పెద్ద దీపం ఉంది. గుండిగ నుంచి వచ్చినవాటిని ఒక్కొక్కటీ దాని కింద తిప్పి చూడాలి. బాగుంటే పచ్చ బుట్టలో, బాగాలేకపోతే ఎర్ర బుట్టలో వేయాలి. ఇంతే పని. మొదటి కుళాయి తీశాను. నీలం వైపు తిరిగిన బంగారం. ఎర్ర బుట్ట. రెండోదాని మెడ దగ్గర దుమ్ము చుక్క. ఎర్ర బుట్ట. మూడోది చూడ్డానికి బాగానే ఉంది కానీ నాకు దాని వాలకం నచ్చలేదు. ఎర్ర బుట్ట.

మధ్యాహ్నానికి మీటరు వచ్చాడు.

"అమ్మా, ఇందులో ఏముంది? మచ్చ లేదు, గీత లేదు."

"నిండుగా లేదు."

"నిండుగా అంటే ఎంత?"

"నీ మీటరుని అడుగు."

అతను ఎర్ర బుట్టలోంచి సగం తీసి పచ్చ బుట్టలో వేశాడు. అతను అటు తిరగ్గానే నేను తీసి మళ్ళీ ఎర్ర బుట్టలో వేశాను. అతను చూశాడు. మళ్ళీ తీసి పచ్చదాంట్లో వేసి, ఈసారి నవ్వాడు. నవ్వితే అంత దున్నపోతులా ఉండడు. ఇది రాయకు.

ప్రతిదాంట్లో తప్పు పట్టడానికి జీతమిచ్చే ఉద్యోగం ఒకటి ఉందని నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. అంతకాలం ఇంట్లో ఊరికే చేశాను.

22వ తేదీ, శనివారం

హోటలు వాడు తిప్పి పంపిన కుళాయిలన్నీ పూత తీసేసి మళ్ళీ గుండిగలోకి పంపారు. పూత తీయకముందే ఒక్కటి నేను అడిగి తెచ్చుకున్నాను. మా వాడు ఇచ్చాడు, సాయంత్రం వాడే వచ్చి మన వంటింటి తొట్టి మీద బిగించాడు. బిగిస్తూ వాళ్ళమ్మతో మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నేను వినలేదు. తలుపు పక్కనే ఉన్నాను కానీ వినలేదు. వాడు వెళ్ళాక చాలాసేపు ఇది నీళ్ళు వదిలి, కడిగిన గిన్నెలే కడుగుతూ నిలబడింది.

ఆ కుళాయికి నాలుగు వేళ్ళ చోట బంగారం లేదు. నీళ్ళు తిప్పడానికి పట్టుకుంటే నా వేళ్ళు సరిగ్గా ఆ నాలుగు మచ్చల్లో పడతాయి. ఇది పట్టుకుంటే పడవు, దీని వేళ్ళు పొట్టి. రోజూ దాన్ని చూడాల్సి వస్తుంది దీనికి. చూడనీ.

ఈ పుస్తకం మొదటి నుంచీ చదివించుకున్నాను. ఈసారి ఒక్క మాట కూడా మార్చకుండా చదివింది. దున్నపోతు దున్నపోతుగానే ఉన్నాడు. కొట్టెయ్‌మన్నవి కొట్టేయలేదు, రాయొద్దన్నవన్నీ రాసింది. గయ్యాళి అన్న మాట కూడా అలాగే ఉంచింది. అదొక్కటి మార్చి ఉండాల్సింది.

వాదన అయిపోయింది కాబట్టి పుస్తకం పని కూడా అయిపోయింది. ఇంకో సంగతి ఉంది. ఇప్పుడు గ్లౌజులు లేవు, చూసే బల్లకి అక్కర్లేదు. నా చేతులు ఇంకా మానలేదు. ఆ డబ్బా పప్పు డబ్బాల వెనక దాచాల్సిన పని ఇక లేదు. తీసుకురా.

తెచ్చావా? మూత తియ్యి. అబ్బ, ఏం వాసన ఇది! క్రీము కొనడం కూడా రాదు నీకు. ఇది రాయి, క్రీము వాసన బాగాలేదు. రాశావా? సరే, ఇక పెన్ను కింద పెట్టు. నీ రెండు చేతులూ కావాలి.